పసిబిడ్డ పడిశమునకు సీసా మందేల?

*దగ్గుమందు దుర్ఘటన పిమ్మట కొల్లేటిసీమ తల్లుల మనస్సులలో పుట్టిన సందేహమునకు సమాధానము మందుల దుకాణమున లేదు, ఇంటిలోనే ఉన్నది. అయితే ఆ ఇంటిలో తల్లికి కావలసిన తీరికను ఎవరిచ్చెదరు?*

పుష్యమాసపు తెల్లవారుజామున కొల్లేటి లంకలమీద మంచు దట్టముగా క్రమ్ముకొనియుండగా, గట్టేదో నీరేదో తెలియరాని ఆ మసకలో, పాతచీర మడతలలో పదకొండు నెలల పిల్లవానిని చుట్టుకొని ఒక తల్లి షేర్ ఆటో ఎక్కినది. వాని ముక్కునుండి కారిన చీమిడి పైపెదవిమీద ఎండి గట్టిపడినది. పాలకై రొమ్ము పట్టును, రెండు గ్రుక్కలు మ్రింగును, ఊపిరి సలుపక విడుచును, ఏడ్చును, మరల పట్టును. ప్రక్కన కూర్చున్న అత్తగారు "నిన్న పెరుగన్నం తినొద్దంటే విన్నావా, అందుకే వాడికి రొంప పట్టింది" అని కైకలూరు వచ్చువరకును అనుచునే యున్నది. ఏలూరులో పిల్లల వైద్యుని గదిముందు బల్లలమీద అట్టి తల్లులే బారులు తీరియున్నారు. వీరి వంతు వచ్చినది. వైద్యుడు పిల్లవాని చొక్కా పైకెత్తి, గడియారము చూచుచు ఒక పూర్తి నిమిషము వాని పొట్ట కదలికను లెక్కించి, చెవులు, గొంతు పరీక్షించి, "మామూలు జలుబేనమ్మా, ముక్కులో వేయడానికి ఉప్పునీటి చుక్కలు రాస్తున్నాను, మందేమీ అక్కర్లేదు" అనెను.

"సిరప్ రాయరాండీ?"

"వద్దమ్మా. దానివల్ల మేలు లేదు."

"అది పడితేనే నిద్రపోతాడండి. మూడు రాత్రుల బట్టి కళ్లు మూయలేదు. రేపు కూడా రొయ్యల షెడ్డుకి వెళ్లకపోతే కూలి పోద్దండి."

ఈ సంభాషణ ఏలూరు, తాడేపల్లిగూడెము, కైకలూరులలోని ఏ పిల్లల వైద్యశాలయందైనను హేమంత, శిశిర ఋతువులలో దినమునకు పలుమార్లు వినబడును. ఆ తల్లి బిడ్డకు మందు అడిగినట్లు తోచినను, నిజమునకు ఆమె అడిగినది ఒక రాత్రి నిద్ర, ఒక దినపు కూలి. పడిశము పట్టిన పిల్లలకు సీసా మందు పోయవలదని చెప్పుట సులభము; ఆ సీసా ఏ అక్కర తీర్చుచున్నదో గ్రహింపక చెప్పిన మాట మాత్రము గుమ్మము దాటిన వెంటనే గాలిలో కలిసిపోవును.

ఛింద్వాడా నుండి వచ్చిన భయము

ఇంతకాలమును ఆ సీసామీద ఉండిన నమ్మకము 2025వ సంవత్సరపు శరత్కాలమున సడలినది. మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా జిల్లాలో సెప్టెంబరు, అక్టోబరు మాసములయందు, సామాన్యమైన జలుబుతోను జ్వరముతోను మంచమెక్కిన పసివారు మూత్రము బిగిసి, మూత్రపిండములు చెడి, ఒకరి వెనుక నొకరు మరణించిరి. మృతుల సంఖ్య 20 దాటినది. వారికి పట్టిన 'కోల్డ్‌రిఫ్' అను దగ్గుమందును తమిళనాడు ఔషధ నియంత్రణశాఖవారు పరీక్షింపగా, అందు 48.6 శాతము డైఇథిలీన్ గ్లైకాల్ బయటపడినది. యంత్రశాలలలో వాడదగిన ఆ ద్రవము రుచికి తియ్యనిది గనుక బిడ్డ దానిని వలదని త్రోసివేయడు. ఇట్టి ఘోరము ఇదే మొదటిది కాదు: 1937లో అమెరికాలో ఒక ద్రవరూప ఔషధమున కలిసి నూరుమందికి పైగా ప్రాణములు తీసినదియు, 1986లో బొంబాయి జె.జె. ఆసుపత్రిలో 14మందిని బలిగొన్నదియు, 2022లో గాంబియా దేశమున సుమారు 70మంది పిల్లలను పొట్టనబెట్టుకొన్నదియు ఈ విషమే.

అక్టోబరు 3వ తేదీన కేంద్ర ఆరోగ్యసేవల డైరెక్టరేటువారు రెండేండ్లు నిండని పిల్లలకు దగ్గు, జలుబు మందులు వ్రాయరాదనియు, ఇయ్యరాదనియు, అయిదేండ్లలోపు వారికి సామాన్యముగా అవి తగవనియు రాష్ట్రములకు తెలియజేసిరి. జలుబు సీసాలలో తరచుగా కలిసి కనబడు క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ జంటను నాలుగేండ్లలోపు వారికి వాడరాదను ఉత్తరువు అంతకు పూర్వమే 2023 డిసెంబరులో వెలువడియుండెను. కాగితముమీద నున్న ఈ నియమము ఛింద్వాడా వార్త వెలువడిన పిమ్మట గాని మన వీధి దుకాణముల అరలవరకు చేరలేదు.

భయము సహజమే. 2020 డిసెంబరులో ఏలూరు వన్‌టౌన్ వీధులలో వందలాది జనులు ఉన్నట్టుండి మూర్ఛలతో కూలిపోగా, పిల్లలను భుజాన వేసికొని తల్లిదండ్రులు ప్రభుత్వాసుపత్రికి పరుగిడిన దినములను ఈ పట్టణము ఇంకను మరువలేదు. కాని భయము ఒక్కటే ఉండి వివేకము తోడు రాకున్నచో, "ఆ కంపెనీ సీసా వద్దు, వేరే కంపెనీది ఇవ్వండి" అనుటతో కథ ముగియును. దుకాణములలో ఇప్పుడు వినవచ్చుచున్నది ఆ మాటయే. విషము కలియని దగ్గుమందు కూడ పసివాని జలుబును ఒక్క పూటయైనను ముందుగా తగ్గింపజాలదు. అది తెచ్చునది మత్తు. ఆ మత్తునే మనము స్వస్థత యని భ్రమించుచున్నాము.

వచ్చినది తనంత తాను పోవును

పడిశమును కలిగించు వైరస్సులు 200కు పైగా ఉన్నవి. అందు రైనోవైరస్సుల వర్గము ప్రధానమైనది. ఒకదానిని జయించిన శరీరము మరియొకదానికి క్రొత్తయే గనుక, లోకమునకు క్రొత్తగా వచ్చిన పిల్లవానికి ఏడాదికి ఆరు మొదలు ఎనిమిది మార్లు జలుబు చేయుట వింత కాదు. అంగన్‌వాడీకి పోవ నారంభించిన మొదటి సంవత్సరమున ఇంకను ఎక్కువ. "మా వాడికి ఎప్పుడూ రొంపేనండీ, వంట్లో బలం లేదండీ" అని కుందు తల్లి ఈ లెక్క తెలిసికొన్నచో కొంత ఊరట చెందగలదు. జ్వరము వచ్చిన మొదటి రెండు మూడు దినములు ఉండి పోవును. ముక్కు కారుట వారము, పది దినములు. దగ్గు ఒక్కొక్కప్పుడు మూడు వారముల వరకు సాగును. నీటివలె కారిన చీమిడి నాలుగవ నాటికి చిక్కబడి పసుపుగానో ఆకుపచ్చగానో మారుట వ్యాధిక్రమములోని మజిలీయే; రంగు మారినంత మాత్రమున యాంటిబయాటిక్ అక్కరలేదు.

ఈ యాంటిబయాటిక్ మాట వచ్చినప్పుడు మన సీమవాసి యొకనిని స్మరింపక తప్పదు. కొల్లేటికి సమీపముననే యున్న భీమవరమున 1895లో జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ పరిశోధనాలయమునకు అధిపతిగా నున్నప్పుడే, టెట్రాసైక్లిన్ వర్గమునకు ఆద్యమైన ఆరియోమైసిన్ అచట డగ్గర్ అను శాస్త్రజ్ఞుని చేతులమీదుగా వెలువడి 1948లో లోకమునకు అందినది. సూక్ష్మజీవులపాలిటి వజ్రాయుధముగా వచ్చిన ఆ మందుల జాతి వైరస్సులను ఏమియు చేయలేదు. అట్లుండియు, సుబ్బారావుగారి సొంత గడ్డమీదనే, ప్రతి చీమిడి ముక్కునకును, అర్హతలేని చేతుల మీదుగా సైతము, యాంటిబయాటిక్ మాత్రలు పొడిచేసి పోయుచున్నారు. నిజముగా న్యుమోనియా వచ్చిన నాడు ఆ మందు పనిచేయకుండ పోవుటకు మనమే దారి వేసికొనుచున్నాము.

■ ఊపిరి లెక్క
బిడ్డ ఏడువక నెమ్మదిగా ఉన్నప్పుడు చొక్కా తీసి, పొట్ట లేచి పడుటను ఒక పూర్తి నిమిషము లెక్కింపవలెను. రెండు నెలలలోపు శిశువు నిమిషమునకు 60 మార్లు, రెండు నెలలు మొదలు ఏడాదిలోపు 50 మార్లు, ఏడాది మొదలు అయిదేండ్లలోపు 40 మార్లు, లేక అంతకు మించి శ్వాసించినచో ఆసుపత్రికి తీసికొనిపోవలెను. శ్వాస తీయునపుడు ప్రక్కటెముకల క్రింద లోనికి గుంట పడుట, అనగా మన పల్లెలలో "డొక్కలెగరేస్తున్నాడు" అనునది, లెక్కతో నిమిత్తము లేని ప్రమాద చిహ్నము. పాలు త్రాగలేకపోవుట, త్రాగినదెల్ల కక్కుట, ఫిట్సు, ఎంత లేపినను మగతగా ఉండుట, పెదవులు నీలి వర్ణమగుట కనబడినచో 108కి ఫోను చేయుటలో ఆలస్యము వలదు. మూడు నెలలు నిండని శిశువునకు జ్వరము 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ తాకినచో, జలుబే గదా అని ఇంటిలో ఉంచుకొనరాదు.

రాత్రివేళ చేయవలసిన పని

మందు లేదన్నంతమాత్రమున చేయవలసినది లేదని కాదు. చేయవలసినది చాల ఉన్నది, అది అంతయు చేతులతోను ఓపికతోను చేయవలసిన పని. చిన్న శిశువు ప్రధానముగా ముక్కుతోనే ఊపిరి తీయును. ఆ సన్నని దారి మూసికొనిపోయినచో రొమ్ము పట్టి పాలు త్రాగుటయు, శ్వాస తీయుటయు ఒక్కసారి సాగవు. బిడ్డ అలుగుటకును, ఆకలితో ఏడ్చుటకును, తల్లి కంటికి నిద్ర లేకపోవుటకును మూలము అక్కడ ఉన్నది.

కావున మొదటి ఉపచారము ముక్కునకే. దుకాణములలో కొద్దిపాటి వెలకే దొరకు ఉప్పునీటి చుక్కలను, పాలిచ్చుటకు కొంచెము ముందుగాను, పడుకొనబెట్టునప్పుడును, ఒక్కొక్క ముక్కులో ఒకటి రెండు వేసి, ఒక నిమిషము ఆగి, కరగి జారిన చీమిడిని మెత్తని పాత నూలుగుడ్డతో తుడువవలెను. ఎండి అట్టకట్టినదానిని గోరువెచ్చని నీట తడిపిన గుడ్డతో మెత్తబరచవలెనే గాని గోటితో పెరుకరాదు. పేరులో డ్రాప్స్ అని ఉన్నంతమాత్రమున ముక్కు మందులన్నియు ఒకటి కావు; ముక్కును బలవంతముగా తెరపించు పెద్దల చుక్కలు పసివారికి తగవు. చుక్కలు వేసిన పిదప పాలు కొంచెము కొంచెముగా, మాటిమాటికి పట్టవలెను. ఒకేసారి కడుపునిండ త్రాగు శక్తి వానికి ఆ నాలుగు దినములు ఉండదు. ఆరు నెలలు దాటినవానికి పలుచని జావ, పప్పుకట్టు, గోరువెచ్చని నీరు చెంచాతో ఇచ్చుచుండవలెను. తడిపిన లంగోటీల లెక్క తగ్గకున్నచో బిడ్డకు నీరు చాలుచున్నదని తెలిసికొనవచ్చును.

అర్ధరాత్రి బిడ్డ గురకపెట్టుచు లేచినప్పుడు భుజముమీద నిలువుగా ఎత్తుకొని తిరుగుట గొప్ప చికిత్స. నిలువుననున్నప్పుడు ముక్కుదారి సులువగును, వెచ్చని దేహస్పర్శకు ఏడుపు తగ్గును. అయితే నిద్రించుటకు మాత్రము సమమైన పక్కమీద వెలికిల పరుండబెట్టవలెను. తలక్రింద దిండ్లు పేర్చుట ఏడాదిలోపు శిశువునకు అపాయకరము. చలి యని నాలుగు దుప్పట్లు కప్పి, టోపీపై టోపీ పెట్టి ఉక్కిరిబిక్కిరి చేసినచో జ్వరము మరింత పెరుగును.

■ జ్వరపు మందు కొలత
బిడ్డ జ్వరముతో బాధపడుచున్నచో ఇయ్యదగినది పారాసిటమాల్ ఒక్కటే. అదియు బరువునుబట్టి, కిలోకు 15 మిల్లీగ్రాములకు మించకుండ, కనీసము నాలుగు గంటల ఎడముతో, దినమునకు నాలుగు మార్లకు లోబడి. చుక్కల సీసాలో ఒక్క మిల్లీలీటరులో 100 మిల్లీగ్రాములు, సిరప్‌లో 5 మిల్లీలీటర్లలో 120 గాని 250 గాని ఉండుట పరిపాటి. 8 కిలోల బిడ్డకు కావలసిన 120 మిల్లీగ్రాములు 120 రకపు సిరప్‌లో 5 మిల్లీలీటర్లు. చుక్కల మందులో 1.2 మిల్లీలీటర్లే. చుక్కల మందును చెంచానిండ పోసినచో నాలుగింతలకు మించిపోవును. వంటయింటి చెంచా కొలత కాదు. సీసాతో వచ్చిన గొట్టమే కొలత. ఆస్పిరిన్ పిల్లలకు ఇయ్యరాదు.

అమ్మమ్మల పెట్టెలో ఏమున్నది?

తాడేపల్లిగూడెము పరిసర గ్రామములలో నేటికిని పసిబిడ్డకు జలుబు చేసినదనగానే ముందుగా తెరచుకొనునది అమ్మమ్మ పెట్టె. అందు వసకొమ్ము ఉండును, ఆముదపు సీసా ఉండును, వాము ఉండును, కర్పూరము ఉండును. తమలపాకునకు ఆముదము రాచి, దీపముమీద వెచ్చజేసి, తన చేతిమీద వేడి చూచుకొని, బిడ్డ రొమ్ముమీద పరచు ఆ వృద్ధురాలి ఓర్పును చూచినవారెవ్వరును దానిని మూఢాచారమని తేలికగా త్రోసివేయలేరు. కాలనంత వెచ్చగా ఉన్నంతవరకు దానివలన హాని లేదు, బిడ్డకు హాయి కలుగును. గుడ్డలో కట్టి వెచ్చజేసిన వాముమూటయు అట్టిదే. ఏడాది దాటినవానికి పడుకొనబోవు ముందు అరచెంచా తేనె నాకించుట దగ్గును నిమ్మళింపజేయునని ఆధునిక వైద్యులును అంగీకరించుచున్నారు. కాని ఏడాది నిండని శిశువునకు ఆ తేనెయే ముప్పు. అందు ఉండదగు బీజములు పండని ప్రేగులలో మొలకెత్తి బొటులిజమ్ అను పక్షవాతసమమైన వ్యాధిని తేగలవు.

పెట్టెలో విడువవలసినవి కూడ ఉన్నవి, వానిని నిర్మొగమాటముగా చెప్పవలెను. ముక్కులో ఆముదముగాని కొబ్బరినూనెగాని పిండినచో, అది ఊపిరితిత్తులలోనికి దిగి న్యుమోనియా కలిగింపవచ్చును. కర్పూరము పొరబాటున నోట పడినచో చిన్నపిల్లలకు మూర్ఛలు వచ్చును. దానిని మెడలో మూటగట్టి వ్రేలాడదీయుట మానవలెను. 1893లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు ఆరంభించిన అమృతాంజనము మన ఇండ్లలో మూడు తరములుగా బంధువువంటిది; అయినను కర్పూరము, మెంథాల్ గల లేపనమేదియు రెండేండ్లలోపు వారి ముక్కునకు, రొమ్మునకు పూయరాదు. మరుగు నీటి గిన్నెమీద పిల్లవానిని వంచి దుప్పటి కప్పి ఆవిరి పట్టుటవలన తగ్గిన జలుబులకంటె కాలిన చర్మములే మిక్కుటము. వస అరగదీసి నాలుకకు రాచుటయు, ఆరు నెలలలోపు ఉగ్గు పట్టుటయు తల్లిపాలకు పోటీ తెచ్చునవే గాని జలుబునకు మందు కావు.

అమ్మమ్మ పెట్టెలో మనము నిలుపుకొనవలసినది మూలికలకంటె ఆ అమ్మమ్మ చేతులనే అని నా అభిప్రాయము. రాత్రి రెండవ జామున కూతురిని నిద్రపొమ్మని బిడ్డను తన భుజమునకు మార్చుకొను మనిషి ఇంటిలో ఉన్నచో సిరప్ సీసా అవసరము సగము తీరిపోవును. కుటుంబములు చిన్నవై, అమ్మమ్మలు పల్లెలలోను, మనుమలు పట్టణపు అద్దెగదులలోను ఉండిపోయిన ఈ దినములలో ఆ రెండవ భుజము స్థానమును సీసా ఆక్రమించినది.

దోమలు, పొగ

కొల్లేరు చుట్టును చేపల చెరువులు, రొయ్యల చెరువులు, వరిచేలు ఉన్నచోట దోమలకు కొదువ లేదు. సంధ్యవేళనే తలుపులు, కిటికీలు బిగించి, మంచముక్రింద కాయిల్ వెలిగించి, అదే గదిలో పసిబిడ్డను పరుండబెట్టు ఇండ్లు లెక్కకు మిక్కిలి. ఇక స్నానానంతరము సాంబ్రాణి పొగ, వానకాలమున తడిసిన పుల్లల పొయ్యి, కోతలైన పిదప చేలలో గడ్డి తగులబెట్టిన పొగ, బియ్యపుమిల్లుల నుండి గాలికి ఎగురు ఊకబూడిద, తండ్రి కాల్చు చుట్ట లేక బీడీ. జలుబుతో వాచిన ముక్కుదారులకు వీనిలో ప్రతి యొక్కటియు రంపపు కోత. ఒక దోమతెర కొని కట్టి, కాయిల్ మాని, ఇంటిలో పొగ త్రాగుట ఆపినచో, ఆ రాత్రినుండియే బిడ్డ దగ్గులో తేడా కానవచ్చును. నన్నడిగినచో, సిరప్‌కు పెట్టు సొమ్మును దోమతెరకు పెట్టుమందును.

నింద ఎవరిది?

పాలిచ్చు తల్లి పెరుగు తిన్నదని, అరటిపండు తిన్నదని, తలంటి పోసికొన్నదని, చన్నీట చేతులు పెట్టినదని, బిడ్డ జలుబునకు ఆమెనే దోషిని చేయుట మన ఇండ్లలో తరతరములుగా సాగుచున్న అన్యాయము. తల్లి తిన్న పెరుగు పాలలోనికి జలుబై దిగదు. వైరస్ మనిషినుండి మనిషికి, తుమ్ము తుంపరలవలనను, చీమిడి తుడిచిన చేతులవలనను ప్రాకును. బాలింతకు పథ్యమని కారప్పొడి అన్నము మాత్రమే పెట్టి, పెరుగు, పండు, కూర దూరము చేసినచో నీరసించునది ఆమెయే. ఆమెకే జలుబు చేసినను పాలిచ్చుట మానరాదు. చేతులు సబ్బుతో కడిగికొని, ముక్కునకు గుడ్డ కట్టుకొని ఇయ్యవచ్చును.

రొయ్యల షెడ్డులో మంచుగడ్డల నడుమ తెల్లవారకముందే వ్రేళ్లు కొంకరపోవ పనిచేయు స్త్రీ, తాడేపల్లిగూడెపు ఉల్లిపాయల మార్కెట్టులో సంచులమధ్య ఉల్లి ఏరు స్త్రీ, చెరువు పట్టుబడినాడు గట్టుమీద చేపలు వేరుచేయు స్త్రీ: వీరికి బిడ్డ జలుబు ఒక ఆర్థిక విపత్తు. కేంద్ర ప్రభుత్వోద్యోగినికి ఉద్యోగకాలమంతటిలో 730 దినముల శిశుసంరక్షణ సెలవు కలదు, అది న్యాయమే. దినకూలికి పోవు తల్లికి ఒక్క దినమైనను లేదు. మానినచో కూలి పోవును, రెండు దినములు మానినచో మేస్త్రీ మరొకరిని పిలుచును. అట్టి తల్లి బిడ్డను మత్తులో నిద్రబుచ్చు సీసాను కొన్నచో, ఆమెకు మమత లేదని అనువాడు ఆమె ఇంటి గుమ్మము త్రొక్కియెరుగడు. బిడ్డకు జలుబు చేసిన మూడు నాలుగు దినములు తండ్రి ఒక రాత్రి, తల్లి ఒక రాత్రి వంతులు వేసికొనుటయు, షెడ్డు యజమానులు ఆ దినములకు మరల పిలుతుమను భరోసా ఇచ్చుటయు, ఆశా కార్యకర్త ఇంటికి వచ్చి ఊపిరి లెక్కించుట తల్లికి నేర్పుటయు జరిగిననాడు, ఛింద్వాడా హెచ్చరికకు ఈ సీమలో అర్థమేర్పడును. న్యుమోనియాను కొంతవరకు నివారించు పి.సి.వి. టీకా 2021 నుండి దేశమంతట ఉచితముగా ఇచ్చుచున్నారు. ఆరు వారములకు, పదునాలుగు వారములకు, తొమ్మిది నెలలకు మూడు మోతాదులు. జలుబు ముదిరినదను భయమున ఆసుపత్రికి పరుగిడు దినములను తగ్గించు సాధనము ఇది, తేదీ దాటనీయరాదు.

పండుగ చుట్టములు

సంక్రాంతికి హైదరాబాదునుండి, బెంగుళూరునుండి చుట్టములు దిగుదురు. భోగినాడు తెల్లవారుజామున మంటల పొగలో బిడ్డను ఎత్తుకొని నిలుతురు. సాయంకాలము రేగుపండ్లు, చెరకుముక్కలు, చిల్లరనాణెములు తలమీద పోయుదురు. ఒడినుండి ఒడికి బిడ్డ మారును, ప్రతి ఒడిలోను ఒక ముద్దు. ఒకటి మొదలు మూడు దినములలో, కనుమ తిరుగకముందే, ముక్కు కారును. వేడుక మానవలసిన పని లేదు. ఎత్తుకొనువారు ముందుగా సబ్బుతో చేతులు కడుగవలెను, జలుబుతో ఉన్నవారు దూరమునుండియే దీవింపవలెను, మంటల పొగకు నెలల బిడ్డను ఎడముగా ఉంచవలెను. "మా చేతులకేమి మురికి" అని అలుగు పెద్దలకు నచ్చజెప్పు బాధ్యత కోడలిమీద వేయక, కొడుకు తీసికొనవలెను.

తగ్గిన పిమ్మట

వారము గడచి ముక్కు ఆరిన తరువాతను రాత్రులందు పొడిదగ్గు మిగిలినప్పుడు, "ఇంకా తగ్గలేదు, మరో సీసా తెండి" అను మాట ఇంటిలో పుట్టును. ఊపిరి లెక్క సరిగానుండి, బిడ్డ ఆడుచు పాడుచు ఉన్నచో, మూడు వారములవరకు ఆ దగ్గునకు వేచియుండవచ్చును. అది దాటినను, మధ్యలో జ్వరము తిరిగి వచ్చినను, పిల్లికూతవంటి శబ్దము వినవచ్చినను వైద్యునికి చూపవలెను. ఈ దినములలో మన ఇండ్లవారు విస్మరించునది ఆహారము. జలుబు దినములలో చిక్కిన బిడ్డకు తరువాతి రెండు వారములు దినమునకు ఒక పూట అదనముగా పెట్టుమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. "చలువ చేస్తుంది" అని దూరముంచిన పెరుగును, అరటిపండును తిరిగి కంచములోనికి రానిచ్చి, నెయ్యి వేసిన మెత్తని పప్పన్నము, ఉడికించిన గ్రుడ్డు, ముండ్లు చక్కగా ఏరి కారము తగ్గించి వండిన కొల్లేటి కొరమేను ముక్క, ఎనిమిది తొమ్మిది నెలలు దాటిన బిడ్డకు కొంచెము కొంచెముగా, బలవంతపెట్టక, వాడు నోరు తెరచినంతమేరకు పెట్టవలెను.